పది ప్లై టైరు వేస్తే బండి గట్టిపడుతుందా? లోడ్ రేటింగు, గాలి, కాటా చీటీ

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2021 థార్ ఫోర్ బై ఫోర్, కంపెనీ టైరు 245/75 ఆర్16. కొత్తపట్నం దగ్గర నాన్నగారి రొయ్యల చెరువులు. వారానికి రెండుసార్లు వెనక సీట్లు మడిచి పది మేత బస్తాలు వేసుకుని గట్ల మీదకు వెళ్లాలి. నెలకోసారి చీమకుర్తిలో బాబాయి గారి క్వారీ. వీలు చిక్కితే స్నేహితులతో మైపాడు ఇసుకలోకో, భైరవకోన వైపో. టైర్లు అరిగిపోయాయి, ఈసారి ఆల్ టెర్రైన్, అంటే రోడ్డు మీదా, మట్టి రాళ్ల దారుల్లోనూ నడిచే టైర్లు వేయాలనుకుంటున్నారు. ఒక షాపాయన "పది ప్లై, 'ఈ' (ఇంగ్లీషు అక్షరం E) రేటింగు వేయించు, ఇక టైరు పగలడం అనేది ఉండదు" అన్నాడు. ఇంకొకాయన "మామూలుదే చాలు, డబ్బు దండగ" అన్నాడు. ఎవరి మాట వినాలి అన్నది మీ ప్రశ్న.

నేను చీమకుర్తి క్వారీల్లో బండ్ల మెయింటెనెన్స్ తొమ్మిదేళ్లు చూశాను. ఆ తర్వాత ఒంగోలులో సొంతంగా టైర్లు, అలైన్‌మెంట్ షాపు పెట్టి పదమూడేళ్లయింది. ముందు జవాబు చెప్పేస్తాను. మీ వాడకానికి 'ఈ' రేటింగు వద్దు. కంపెనీ టైరుకున్న లోడ్ ఇండెక్సుకు (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) తగ్గకుండా, అంటే 111 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న మామూలు మెట్రిక్ ఆల్ టెర్రైన్ టైరు వేయండి. రేపు క్వారీకి వారం వారం వెళ్లాల్సిన పని పడితే అప్పుడు ఎల్‌టీ (లైట్ ట్రక్కు) డి రేటింగు గురించి ఆలోచించండి. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో షాపుల్లో జరిగే మాటల్లో సగం పొరపాటే.

తడిగుడ్డ తీసుకుని మీ టైరు పక్కన కూర్చోండి. బురద తుడిస్తే సైజు కనపడుతుంది, 245/75 ఆర్16. దాని పక్కనే 111 అనో, అలాంటి ఇంకో అంకెనో ఉంటుంది, దాని తర్వాత ఒక అక్షరం. చాలామంది సైజు చూసి లేచిపోతారు. అసలు చూడాల్సింది ఆ 111నే. అది లోడ్ ఇండెక్సు. 111 కిలోలని కాదు, అదొక పట్టికలో వరస నంబరు. 100 అంటే ఒక్క టైరు 800 కిలోలు మోస్తుంది. 105 అంటే 925. 108 అంటే సరిగ్గా వెయ్యి. 111 అంటే 1,090. 115 అంటే 1,215. 120 అంటే 1,400. అంకె ఒకటి పెరిగితే పాతిక నుంచి యాభై కిలోల దాకా పెరుగుతుందన్నమాట. అందుకే 111 ఉన్నచోట 107 వేసి "నాలుగేగా తేడా" అనుకుంటే ఒక్కో టైరు దగ్గర 115 కిలోలు పోగొట్టుకున్నట్టు. తర్వాతి అక్షరం వేగానిది. క్యూ 160, ఆర్ 170, ఎస్ 180, టి 190 కిలోమీటర్లు. మన హైవే మీద తోలే వేగానికి ఇవన్నీ సరిపోతాయి, దాని గురించి టెన్షన్ వద్దు.

ఇప్పుడు అసలు గందరగోళం. ఒకే సైజులో టైర్లు మూడు నాలుగు రకాల కట్టుబడితో వస్తాయి. సైజు ముందు అక్షరాలేమీ లేకుండా ఉన్నది మెట్రిక్ టైరు. అందులో మామూలుది స్టాండర్డ్ లోడ్, అది మోసే పూర్తి బరువు 36 గాలి (పీఎస్ఐ) దగ్గర లెక్క. కాస్త గట్టిది ఎక్స్‌ట్రా లోడ్, టైరు మీద ఎక్స్ఎల్ అని రాసి ఉంటుంది, దానికి పూర్తి బరువు 42 గాలి దగ్గర. ఇక సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే అది లైట్ ట్రక్కు టైరు. అందులో సి, డి, ఈ అని మూడు మెట్లు. సి ని ఆరు ప్లై అంటారు, 50 గాలి. డి ఎనిమిది ప్లై, 65. ఈ పది ప్లై, 80. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పేరుతో రెండు రకాలూ అమ్ముతుంది. యొకొహామా జియోలాండర్ ఏటీ ఉదాహరణ, అందులో మెట్రిక్ కూడా ఉంది, ఎల్‌టీ కూడా ఉంది. కాబట్టి షాపులో మోడల్ పేరు చెప్పి ఊరుకుంటే చాలదు, ఏది దింపుతున్నారో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద చదివి చూసుకోవాలి.

అమెరికా నుంచి వచ్చిన టైరుకు సైజు ముందు పి అని కూడా ఉండొచ్చు. అది కారు కోసం లెక్క కట్టింది. ఎస్‌యూవీకి వేస్తే దాని మీద రాసిన బరువును 1.1తో భాగించి చూసుకోవాలి. మన దగ్గర అరుదు.

ఇక్కడ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. టైరనేది గాలిని పట్టి ఉంచే సంచి. రేటింగు పెరగడమంటే ఆ సంచి ఇంకా ఎక్కువ గాలిని తట్టుకోగలదని అర్థం. ఆ గాలి కొట్టకపోతే ఆ రేటింగు మీకు లేనట్టే.

మీ సైజుతోనే చూద్దాం. మామూలు మెట్రిక్ 245/75 ఆర్16, లోడ్ ఇండెక్సు 111. 36 గాలి దగ్గర 1,090 కిలోలు మోస్తుంది. 32 గాలి ఉన్నా 950 పైనే మోస్తుంది. అదే సైజులో ఎల్‌టీ 'ఈ' టైరు తీసుకోండి. దాని మీద 120/116 అని ఉంటుంది. మొదటిది ఒంటి చక్రానికి, రెండోది లారీల్లో వెనక జంట చక్రాలుంటాయే, వాటికి. మనకు మొదటిదే లెక్క. దాదాపు 1,400 కిలోలు. చూడగానే ఎంత తేడా అనిపిస్తుంది. కానీ ఆ బరువు 80 గాలి దగ్గర. 65 గాలి దగ్గర అది మోసేది 1,190. 50 దగ్గర వెయ్యి. 40 దగ్గర 845. 35 గాలి దగ్గర ఎంతో తెలుసా? దాదాపు 770 కిలోలు. అంటే మీరు మామూలుగా కొట్టించుకునే గాలి దగ్గర ఆ ఖరీదైన పది ప్లై టైరు మీ పాత కంపెనీ టైరు కంటే తక్కువ మోస్తోంది. ఈ సంగతి చెప్తే నా షాపులో చాలామంది నమ్మరు. లోడ్ టేబుల్ తీసి వేలు పెట్టి చూపిస్తే అప్పుడు ఊరుకుంటారు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. షాపు పెట్టక ముందు నాకొక పాత స్కార్పియో ఉండేది. క్వారీ అలవాటు కొద్దీ దానికి ఎల్‌టీ డి టైర్లు వేయించాను. గాలి మాత్రం డోర్ పక్క స్టిక్కర్ మీదున్న 30 చూసే కొట్టించేవాణ్ణి. కంపెనీవాళ్లు రాసిన అంకె కదా, తప్పెలా అవుతుంది అనుకున్నాను. ఆ అంకె కంపెనీ వేసి పంపిన మెట్రిక్ టైరు కోసం రాసిందని అప్పుడు తట్టలేదు. మే నెలలో, కత్తెర ఎండల్లో, ఇంటిల్లిపాదీ ఏడుగురం, పైన క్యారియర్ నిండా సామాను, ఒంగోలు నుంచి పెంచలకోనకు బయలుదేరాం. కావలి దాటాక వెనక నుంచి కాలిన రబ్బరు వాసన. మా ఆవిడ ముందు పసిగట్టింది. ఆపి దిగి వెనక ఎడమ టైరు సైడ్‌వాల్ మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టు చురుక్కుమంది. బయటికి చూస్తే టైరు నిక్షేపంగా ఉంది, కోత లేదు, బుడగ లేదు. స్టెప్నీ మార్చుకుని నెమ్మదిగా వెళ్లొచ్చాం. ఇంటికొచ్చాక ఆ టైరు రిమ్ము నుంచి విప్పించి లోపల టార్చి వేసి చూశాను. అడుగున కాటుకలా నల్లటి పొడి, గుప్పెడు ఉంటుంది. సైడ్‌వాల్ లోపలి వైపు చుట్టూతా ఒక గీత, చీర మడత నలిగిపోయినట్టు. వేలితో రుద్దితే అక్కడ రబ్బరు రాలిపోతోంది. గాలి తక్కువై, సైడ్‌వాల్ ప్రతి చుట్టులోనూ అతిగా వంగి, లోపల్లోపల అరిగి, ఆ రాపిడికి వేడెక్కింది. ఇంకో నలభై కిలోమీటర్లు అలాగే పోయి ఉంటే ఆ టైరు హైవే మీద విడిపోయేది. బండిలో మా పిల్లలున్నారు.

ఆ రోజు నుంచి నా దగ్గర ఎవరు ఎల్‌టీ టైరు వేయించుకున్నా, పాత స్టిక్కరు పక్కనే కొత్త గాలి అంకె ఇంకో కాగితం మీద రాసి అంటించి పంపుతున్నాను.

అయితే గాలి ఎంత కొట్టాలి, ఎంత రేటింగు కావాలి అన్నది ఊహించి చెప్పే విషయం కాదు. తూకం వేయాలి. మన వైపు అదృష్టం, ఒంగోలు చీమకుర్తి మధ్య గ్రానైట్ లారీల కోసం వే బ్రిడ్జిలు బోలెడు ఉన్నాయి. కాస్త డబ్బిస్తే కాటా చీటీ చేతికిస్తారు. ఖాళీ బండి తూచడం కాదు. మీరు మామూలుగా వెళ్లే రోజు, పది బస్తాలు వేసి, ట్యాంకు నింపి, మీరూ, పక్కన మనిషీ కూర్చుని, స్టెప్నీ, జాకీ, తాడు అన్నీ ఉండగా వెళ్లండి. మొదట ముందు చక్రాలు మాత్రం కాటా మీదకు ఎక్కించి ఆపండి, ఒక అంకె. తర్వాత బండి మొత్తం, రెండో అంకె. చివరికి ముందు చక్రాలు దిగి వెనక చక్రాలు మాత్రం ఉన్నప్పుడు మూడో అంకె. కాటా కుర్రాడికి ముందే చెప్పండి, లేకపోతే ఒక్క చీటీ ఇచ్చి పొమ్మంటాడు.

లెక్క చేసే పద్ధతి తెలియడానికి ఒక అంకె అనుకుందాం. మొత్తం 2,200 కిలోలు, ముందు 980, వెనక 1,220 వచ్చింది. వెనక ఒక్కో చక్రానికి 610. కానీ బస్తాలు ఎప్పుడూ సమానంగా పడవు, గట్టు మీద బండి ఒక పక్కకు ఒరుగుతుంది, కాబట్టి బరువు పడే వైపు 650 అనుకోండి. దాని మీద నేను ఇరవై శాతం కలుపుతాను, ఎందుకంటే గుంతలో పడ్డప్పుడు టైరు మీద పడే దెబ్బ కాటా మీద కనపడదు. 780 అయింది. ఇప్పుడు పైన చెప్పిన అంకెలతో పోల్చండి. మెట్రిక్ 111 టైరు 32 గాలికే 950 పైన మోస్తుంది, హాయిగా సరిపోయింది. ఎల్‌టీ టైరైతే 35 గాలికి 770, పది కిలోలు తక్కువ పడింది. దానికి 40 కొట్టాలి, అప్పుడు 845. మీ బండికి 1,400 మోసే టైరు అక్కర్లేదన్నది ఇక్కడే తేలిపోయింది. మీ బండి ఇరుసే అంత మోయదు. రెండు వెనక టైర్లు కలిపి 2,800 మోసినా, ఇరుసూ స్ప్రింగులూ బ్రేకులూ కంపెనీ రాసిన బరువుకే ఉంటాయి. టైరు మార్చితే బండి మోసే శక్తి పెరగదు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటకూడదన్నది అలాగే ఉంటుంది. టైరు గట్టిది కదా అని పది బస్తాల చోట పదహారు వేసేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

"మరి చీమకుర్తి రాళ్లకు పది ప్లై ఉంటే మంచిది కదా" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. క్వారీ దారిలో పడి ఉండే నల్ల గ్రానైట్ పెచ్చులు మామూలు కంకర లాంటివి కావు. పగిలిన అంచు గాజుపెంకులా ఉంటుంది. నేను అక్కడ పనిచేసిన తొమ్మిదేళ్లలో ట్రెడ్ (నేలకు ఆనే భాగం) మీద పంక్చర్లయిన టైర్ల కంటే సైడ్‌వాల్ కోసుకుపోయిన టైర్లే ఎక్కువ పారేశాం. ట్రెడ్ మీద చిల్లు పడితే లోపలి నుంచి పుట్టగొడుగు ప్యాచ్ వేసి నడపొచ్చు. సైడ్‌వాల్ కోతకు మందు లేదు, టైరు మార్చాల్సిందే. కాబట్టి అక్కడ సైడ్‌వాల్ బలం ముఖ్యమే.

కానీ పది ప్లై అంటే పది పొరలని కాదు. ఇది చాలామందికి తెలియదు. పూర్వం టైర్లు నూలు దారపు పొరలతో కట్టేవారు, అప్పుడు ప్లై అంటే నిజంగా పొర. ఇప్పుడు పాలిస్టర్ పొరలు, ఉక్కు బెల్టులు. ఆ పాత పొరలు ఎన్ని ఉంటే ఎంత బలమో అంతకు సమానం అని చెప్పడానికి ఆ మాట మిగిలిపోయింది. సైడ్‌వాల్ మీదే చిన్న అక్షరాల్లో నిజమైన లెక్క రాసి ఉంటుంది, ట్రెడ్‌లో ఎన్ని పాలిస్టర్, ఎన్ని స్టీల్, సైడ్‌వాల్‌లో ఎన్ని అని. 'ఈ' రేటింగు టైరు తీసుకున్నా సైడ్‌వాల్‌లో రెండే పాలిస్టర్ పొరలు ఉండొచ్చు. కొన్ని ఆల్ టెర్రైన్ టైర్లలో మూడుంటాయి. రాళ్లకు మీరు వెతకాల్సింది ఆ మూడు పొరల సైడ్‌వాల్‌ను, 'ఈ' అనే అక్షరాన్ని కాదు. అది డి రేటింగులో దొరికితే ఇంకా మంచిది.

నెలకు ఒక్కసారి వెళ్లే మీకైతే టైరు కంటే తోలడమే కాపాడుతుంది. క్వారీ దారిలో లారీ చక్రాలు నలిపిన గాట్లలోనే నడపండి. పెచ్చులన్నీ ఆ గాట్ల అంచున గుట్టగా చేరి ఉంటాయి, వంపు తిరిగేటప్పుడు వెనక టైరు లోపలికి కోసుకుంటూ పోయి ఆ అంచు మీదే ఎక్కుతుంది. సైడ్‌వాల్ తెగేది అక్కడే. మలుపు వెడల్పుగా తిప్పండి. తిరిగొచ్చాక నాలుగు టైర్ల లోపలి పక్క కూడా చెయ్యి పెట్టి తడిమి చూడండి, బయటి పక్కే చూస్తే చాలదు.

ఇక ఇసుక. కొత్తపట్నం అయినా మైపాడు అయినా, ఇసుకలో బండిని నడిపించేది టైరు చప్పిడి కావడం. గాలి 18కో 16కో దించితే మామూలు మెట్రిక్ టైరు సైడ్‌వాల్ పొట్ట పెట్టినట్టు ఉబ్బి, నేల మీద ఆనే భాగం పొడుగ్గా సాగుతుంది. బండి ఇసుక మీద తేలుతుంది. 'ఈ' రేటింగు టైరుకు అదే 18 పెట్టండి, దాని సైడ్‌వాల్ ఇంకా నిక్కి నిలబడే ఉంటుంది. పది ప్లై వేసుకుని ఇసుకలో దిగబడి, తాడు కోసం ఎదురు చూసిన స్కార్పియోల్ని, ఫార్చూనర్లని నేను లాగాను. అదే రోజు పాత మెట్రిక్ టైర్లతో వచ్చిన బొలెరో ఇబ్బంది లేకుండా వెళ్లొచ్చింది. గాలి దించాక ముప్పై కిలోమీటర్లు దాటకండి, స్టీరింగు ఒక్కసారిగా తిప్పకండి, టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. పూర్తి బస్తాల బరువుతో ఇసుకలోకి దిగకండి, ఆ గాలికి టైరు అంత బరువు మోయదు. హైవే ఎక్కే ముందు గాలి కొట్టుకోవాల్సిందే, అందుకని చిన్న కంప్రెసరు ఒకటి డిక్కీలో ఉంచుకోండి. ఈ ఒక్క వస్తువు మీద పెట్టిన డబ్బు మీకు పది ప్లై మీద పెట్టిన డబ్బు కంటే ఎక్కువ పనికొస్తుంది. ఇంకో మాట, మన తీరంలో జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో ఒడ్డున ఇసుక మీద, ముఖ్యంగా రాత్రిపూట, బండి తోలొద్దు. గూడు పైనుంచి చక్రం పోతే మనకు తెలియను కూడా తెలియదు.

చెరువు గట్ల సంగతి చెప్పాలి, మీరు ఎక్కువ తిరిగేది అక్కడే కాబట్టి. వాన పడ్డాక గట్టు జిగటగా ఉంటుంది, అక్కడ పట్టు ట్రెడ్ నుంచి వస్తుంది, లోడ్ రేటింగుకు సంబంధం లేదు. గట్ల పొడుగునా సర్కారు తుమ్మ ఉంటుంది, నరికి పడేసిన కంప దారిలోనే ఎండుతుంది. ఆ ముల్లు ట్రెడ్‌లో గుచ్చుకుని విరిగి లోపలే ఉండిపోతుంది, గాలి నెమ్మదిగా దిగుతుంది, రెండు రోజులకు గానీ తెలియదు. ఎల్‌టీ టైరు ట్రెడ్ మందం కాబట్టి ఈ ముల్లుకు కాస్త మెరుగే, ఒప్పుకుంటాను. కానీ దానికోసమే 'ఈ' రేటింగుకు వెళ్లడం నాకు సబబుగా అనిపించదు.

ఎందుకంటే దానితో పాటు వచ్చే కష్టాలు రోజూ ఉంటాయి. ఒక్కో టైరు నాలుగైదు కిలోలు ఎక్కువ బరువు. స్టెప్నీతో కలిపి ఐదు టైర్లు. ఆ బరువు స్ప్రింగుల కింద, చక్రం దగ్గర ఉంటుంది కాబట్టి షాక్ అబ్జార్బర్ల మీద, బ్రేకుల మీద, పికప్ మీద, మైలేజీ మీద పడుతుంది. థార్ మామూలుగానే కుదుపుతుంది. దానికి పది ప్లై తొడిగి యాభై గాలి కొడితే మీ నాన్నగారు రెండోసారి ఎక్కరు. ఖాళీ బండి, గట్టి టైరు, తడి రోడ్డు అయితే బ్రేకు వేసినప్పుడు వెనక భాగం తేలిపోతున్నట్టు ఉంటుంది. 'ఈ' రేటింగు ఎవరికి కావాలంటే, రోజూ బరువు నింపుకుని తిరిగే పికప్ వాళ్లకు, వెనక ట్రాలీ లాగేవాళ్లకు, క్వారీలో రోజంతా తిరిగే పెద్ద బండ్లకు. వాళ్లు 60, 65 గాలి కొడతారు, వాళ్ల బరువుకు అది సరిపోతుంది.

ఒకవేళ ఇంత చెప్పినా ఎల్‌టీ వైపే మనసు పోతే, డి తీసుకోండి, బస్తాలతో వెళ్లే రోజు వెనక 40, ముందు కాటా చీటీ చూసి 36, 38 మధ్య పెట్టండి. వాల్వులు చూసుకోండి. మామూలు రబ్బరు వాల్వు 65 గాలి దాకానే పనికొస్తుంది, 80 కొట్టే టైరుకు మెటల్ వాల్వు వేయాలి. రిమ్ము మీద కూడా దాని గరిష్ఠ బరువు పోతపోసి ఉంటుంది, బయట మార్కెట్ రిమ్ములు వేసుకున్నవాళ్లు అది తప్పకుండా చూడాలి. టైరు 1,400 మోసి రిమ్ము 800 మోస్తే మీ లెక్క 800. ఒకే ఇరుసు మీద ఒక పక్క మెట్రిక్, ఇంకో పక్క ఎల్‌టీ ఎప్పుడూ వద్దు. రెండింటికీ కావాల్సిన గాలి వేరు, ఒకే గాలి కొడితే ఒకటి నలుగుతుంది. ఇందుకే స్టెప్నీ కూడా అదే రేటింగుది ఉండాలి. నాలుగే కొని స్టెప్నీకి పాతది ఉంచేసేవాళ్లు పంక్చరైన రోజు ఇదే తప్పు చేస్తారు.

కంపెనీ లోడ్ ఇండెక్సుకు తగ్గింది మాత్రం చవగ్గా వస్తుందని వేయకండి. ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర కూడా అది మీకు అడ్డం వస్తుంది. సైజు కూడా మార్చకండి. పెద్దది వేస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ స్టీరింగు తిప్పినప్పుడు రాసుకుంటుంది, స్పీడోమీటరు తప్పు చూపుతుంది, ఆర్‌టీఓ దగ్గర ప్రశ్నలొస్తాయి.

గాలి ఎప్పుడూ తెల్లవారి, బండి కదలక ముందు చూడండి. మన ఎండలకు మధ్యాహ్నం చూస్తే తప్పు అంకె వస్తుంది. సుమారు అయిదారు డిగ్రీల వేడి పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది. హైవే మీద గంట తోలాక నాలుగైదు పెరగడం మామూలే, అది చూసి ఎక్కువైందని గాలి తీసేయకండి. ఇదే పెరుగుదలను పరీక్షగా కూడా వాడుకోవచ్చు. నేను పాటించే కొలత ఇది: గంట తోలాక మెట్రిక్ టైరులో నాలుగు, ఎల్‌టీ టైరులో ఆరు పెరిగితే పొద్దున కొట్టిన గాలి సరిగ్గా ఉన్నట్టు. అంతకంటే బాగా పెరిగితే టైరు అతిగా వంగి వేడెక్కుతోంది, అంటే పొద్దున గాలి తక్కువ పెట్టారు. ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లేటప్పుడు కావలి దగ్గర టీకి ఆగినప్పుడు ఒకసారి చూసుకుంటే మీ బండికి ఎంత కొట్టాలో నాలుగు ప్రయాణాల్లో తేలిపోతుంది. గేజీ మీ సొంతది ఉండాలి, బంకులో మీటరు ఒక్కోచోట ఒక్కోలా చూపిస్తుంది.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి, చూడండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. నేనైతే ఏడాది దాటిన టైరు కొత్తది అని అమ్మను. మీరూ అడిగి చదివి తీసుకోండి, అయిదు టైర్లూ దగ్గర దగ్గర వారాలవి ఉండేలా. ఐఎస్ఐ గుర్తు కూడా ఉండాలి. బిల్లులో పేరొక్కటే కాకుండా సైజు, లోడ్ ఇండెక్సు రాయించండి, రేపు వారంటీ మాటొస్తే అది పనికొస్తుంది.

ఈ వారం బస్తాలతో వెళ్లే రోజు కాటా వేయించండి. ముందు చక్రాలు, మొత్తం బండి, వెనక చక్రాలు, ఈ మూడు అంకెలూ, మీ డోర్ స్టిక్కరు మీదున్న గాలి అంకె కూడా రాసి పంపండి. ఖాళీగా ఎంత, బస్తాలతో ఎంత, ఇసుకలో ఎంత గాలి పెట్టాలో మీ బండి లెక్కతోనే చెప్తాను.